వామిలో మొదటి చెయ్యి

ఒకసారి పాము కరిచి బతికినవాడి రక్తంలో ఆ విషానికి విరుగుడు పుట్టి ఉంటుందని మీరు నమ్ముతున్నారా, లేదా? తొందరపడి లేదనకండి. కరోనా రోజుల్లో మీ ఇంట్లో యాంటీబాడీల మాట ఎన్నిసార్లు వినబడిందో గుర్తు చేసుకోండి. నాకు వచ్చి పోయింది, ఇక రాదులే అని మాస్కు జేబులో పెట్టుకుని పెళ్లి విందులకు పోయినవాళ్లలో మీరూ ఉండి ఉంటారు. సభల్లో ఈ ప్రశ్న వేస్తే, మంత్రాలను చూసి నవ్వే చదువుకున్నవాళ్లు కూడా తటపటాయిస్తారు. ఏమో, ఉండొచ్చు కదా అనుకుంటారు. మా మామను ఏ మంత్రగాడూ చంపలేదు. ఈ ‘ఉండొచ్చు కదా’ చంపింది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు, నేను ఆయనకు మేనకోడలిని. పెనుకొండ నుంచి చెన్నేకొత్తపల్లి పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే మెట్ట ఊరు ఆయనది. ఒక మంద గొర్రెలు, వాన పడితే పండే వేరుశెనగ చేను, అంతే. నేను హిందూపురంలో ఉంటాను, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. సెలవు దొరికితే ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడతాను. పాము మంత్రం వేసేవాళ్లతో పెనుకొండ బస్టాండు ఎదుట నిలబడి వాదించాను. విభూతి పెట్టి విషం దించుతానన్నవాడిని, దించావనడానికి రుజువేమిటని జనం ముందే నిలదీశాను. కరిచే పాముల్లో చాలా వాటికి విషమే ఉండదు, విషమున్నది కరిచినా ప్రతిసారీ విషం దిగదు, మంత్రగాడి పేరంతా ఆ ఖాళీ కాట్ల మీదే నిలబడి ఉందని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. అయినా మంత్రాన్ని ఓడించడం తేలిక. గట్టిగా తోస్తే పడిపోతుంది, దాని వెనక ఏమీ ఉండదు. వెనక సగం నిజం ఉన్న మాటను తోయడం ఎంత కష్టమో నాకు మామే నేర్పాడు.

ఆయన్ను మొదటిసారి పాము కరిచింది కరోనాకు ముందు, కలుపు తీసే కాలంలో. చేని గట్టు మీద మడమ పక్కన కాటు పడింది. రక్తపింజరి. దాన్ని చంపి తెచ్చారు కాబట్టి ఏ పామో అనుమానం లేదు. ఊళ్లోవాళ్లు ముందు వేపాకు నమిలించారు. మా వైపు అది పెద్ద పరీక్ష. ఆకు చేదుగా ఉంటే విషం ఎక్కనట్టు, తియ్యగా ఉంటే ఎక్కినట్టు. మామ నమిలి, ముఖం చిట్లించి, చేదుగానే ఉందన్నాడు. అందరూ తేలికపడ్డారు. మా అత్త మాత్రం పడలేదు. ఆమె పుట్టిల్లు ధర్మవరం. ఆమెకు తెలిసిన పెద్దాసుపత్రి అదొక్కటే. ఒకరి బండి అడిగి, మామను మధ్యలో కూర్చోబెట్టుకుని, తాను వెనక పట్టుకుని అక్కడికి తీసుకుపోయింది.

నేను పోయేసరికి డాక్టరు మామ రక్తం కొంచెం తీసి పొడి గాజుగొట్టంలో పోసి, కదపకుండా బల్ల మీద నిలబెట్టి ఉన్నాడు. ఇరవై నిమిషాలయ్యాక గొట్టాన్ని పక్కకు ఒంచుతారు. మామూలు రక్తమైతే అప్పటికి గడ్డకట్టి అడుగునే నిలిచిపోతుంది. పింజరి విషం ఎక్కిన రక్తం నీళ్లలాగా ఒరిగిపోతుంది. డాక్టరు ఒంచాడు. వేపాకు చేదుగా ఉందన్న మనిషి రక్తం, కుంకుమ కలిపిన నీళ్లలాగా గొట్టం అంచు దాకా వచ్చింది. సూదిమందు సీసాలో కలిపి ఎక్కించారు. రెండోసారీ ఎక్కించాల్సి వచ్చింది. మడమ దగ్గర మాంసం కుళ్లి, మానడానికి నెలలు పట్టింది కానీ, మామ బతికాడు.

ఆ మందు ఎక్కడిదని మామ అడిగితే వార్డులో నర్సమ్మ ఓపికగా చెప్పింది. గుర్రాలకు విషం కొద్దికొద్దిగా, నెలల తరబడి ఎక్కిస్తారు. గుర్రం చావదు. దాని రక్తంలో విషాన్ని పట్టుకునే పదార్థం పుడుతుంది. దాన్ని తీసి, శుద్ధి చేసి, మనకు మందుగా ఇస్తారు. మామకు ఇది ఎంతో నచ్చింది. ఊరికి పోయాక చాలా కాలం ఆయన కుంటినడక చూసి, గుర్రపు మందు ఎక్కిందని జనం గుర్రం మామ అని ఆటపట్టించారు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు వెనక లెక్కలు సాగుతున్నాయని మాకెవరికీ తెలియదు.

తర్వాత కరోనా వచ్చింది. టీవీలో పొద్దున్నుంచి రాత్రి దాకా యాంటీబాడీలు, యాంటీబాడీలు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో అవి ఉంటాయని, మళ్లీ అదే జబ్బు వస్తే అవి అడ్డుకుంటాయని చెప్పారు. మామ ఆ మాటను పట్టుకున్నాడు. గొర్రెలు కాసేవాడికి అది కొత్త మాటేమీ కాదు. అమ్మవారు పోసి బతికిన గొర్రెకు మళ్లీ పోయదని ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసు. చిటుకు రోగానికి ఏటేటా వానలకు ముందు మందకంతా సూది వేయిస్తాడు, సూది పడిన గొర్రె ఆ ఏడు ఎగిరి పడి చావదని కళ్లారా చూశాడు. గొర్రె, గుర్రం, టీవీ, మూడూ ఒకే మాట చెప్పాయి. పాము తనకు సూది వేసి పోయిందని మామ తేల్చుకున్నాడు.

నా కోపం అర్థం చేసుకోండి. ఇది దయ్యాల కథ అయ్యుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చదువు లేని మనిషి తాను చూసినదాన్ని బట్టి, విన్నదాన్ని బట్టి, తనంతట తాను ఆలోచించి ఒక మాటకు వచ్చాడు. ముప్పై ఏళ్లుగా నేను జనాన్ని చెయ్యమని బతిమాలుతున్నది సరిగ్గా అదే. ఆలోచించండి అన్నాను. ఆయన ఆలోచించాడు. నడిచిన దారి మంచిదే, సగంలో ఆగిపోయాడు. ఆగినచోట పాము ఉంది.

ఊరు ఆ నమ్మకాన్ని ఊరికే వదిలిపెట్టలేదు, పనికి పెట్టుకుంది. వేరుశెనగ పీకి, ఆరబెట్టి, కాయలతోనే చెట్లను కట్టలు కట్టి, పెద్ద కుప్పగా పేర్చి వామి వేస్తారు. కాయలు రాల్చే మిషను దొరికేదాకా వారాల తరబడి ఆ వామి చేనిలోనే ఉంటుంది. కాయల కోసం ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు. మిషను వచ్చిన పొద్దు వామి విప్పాలంటే ముందు ఎవరో ఒకరు చెయ్యి పెట్టి పైకట్టలు లాగాలి. అందరికీ భయమే. పూర్వం కర్రతో కొట్టి, అరిచి, చాలాసేపు అలికిడి చేసి, అప్పుడు చెయ్యి పెట్టేవాళ్లు. ఇప్పుడు దానికంత తీరిక లేదు, మిషనువాడు ఇంకో చేనికి పోవాలి. కాబట్టి మామను పిలిచారు. ఒక ఇంటివాళ్లు పిలిచారు, మరుసటి ఏడు ఊరంతా పిలిచింది. మామ మొదటి చెయ్యి పెట్టందే వామి విప్పకూడదన్నది ఒక ఆచారమే అయిపోయింది. ఆయన టవలు నడుముకు బిగించి వస్తాడు, వామి చుట్టూ ఒకసారి తిరుగుతాడు, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక పెద్ద కట్ట లాగి పడేస్తాడు. అప్పుడు ఆడవాళ్లు, కూలీలు కదులుతారు. ముందు ఆయనకే టీ పోస్తారు. జీవితమంతా గొర్రెల వెనక నడిచినవాడు మొదటిసారి మనుషుల ముందు నడిచాడు. దాన్ని వదులుకోమని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. ఊళ్లో ఎవరికి పాము కరిచినా ముందుగా బండి ఎక్కించేది మామే. వేపాకు తెచ్చినవాళ్లను తిట్టి పంపేవాడు, ఆసుపత్రికి పొండి, గాజుగొట్టంలో రక్తం పోసి చూపించుకోండి అని గట్టిగా చెప్పేవాడు. ఆయన మాట విని బతికినవాళ్లు ఉన్నారు. ఆసుపత్రి మీద ఆయనకు నమ్మకం లేక కాదు. అది కొత్తవాళ్లకు కావాలి, తనకు అక్కర్లేదు, అంతే ఆయన లెక్క.

ఈ వామి సంగతి అత్త ఫోనులో చెబితే తెలిసి, ఒక ఆదివారం పొద్దున్నే పోయాను. మామ దొడ్డి దగ్గర ఉన్నాడు. ఆ తెల్లవారుజామునే ఒక గొర్రె చచ్చింది. చాలా రోజులుగా చిక్కిపోతూ, దవడ కింద నీరు దిగి ఉండిందట. మామ దాన్ని కోసి లోపల చూస్తున్నాడు. పక్కన నలుగురైదుగురు మగవాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒకాయన మామతో, నీ మేనకోడలు కోర్టు పెట్టడానికి వచ్చింది చూడప్పా అన్నాడు. నేను వచ్చిన పని వాళ్లకు తెలుసు.

నేను మొదలుపెట్టకముందే మామ మొదలుపెట్టాడు.

"అమ్మవారు పోసి బతికిన గొర్రెకు మళ్లా పోస్తాదా పాపా? నువ్వే చెప్పు."

పోయదన్నాను.

"చిటుకు సూది యాల ఏపిస్తాం?"

ఆ రోగాన్ని రక్తానికి ముందే పరిచయం చేసి పెట్టడానికి అన్నాను. గట్టు మీదివాళ్లు అప్పటికే నవ్వుతున్నారు.

"మరి ఆ పాము నాతో పరిచయం చేసుకోకుండానే పాయనా? మడమ కొరికి మరీ చేసుకునింది. గుర్రానికి పుట్టిన మందు నాకు పుట్టదా? గుర్రం కంటే తక్కువోన్నా నేను?"

నేను జవాబు చెప్పాను. అది సరైన జవాబే, ఇప్పటికీ అదే చెబుతాను. పాము కరిచి బతికినవాళ్లలో యాంటీబాడీలు అసలే పుట్టవని నేను అనను, కొందరిలో కనబడతాయి. కానీ ఒక్క కాటుకు పుట్టేవి కొద్ది, అవి కాలం గడిచేకొద్దీ తగ్గిపోతాయి. గుర్రానికి నెలల తరబడి మళ్లీమళ్లీ ఎక్కిస్తే గాని మందుకు సరిపడా పుట్టవు. పైగా అమ్మవారు లాంటి రోగం ఒంట్లో నెమ్మదిగా పెరుగుతుంది, రక్తానికి గుర్తు తెచ్చుకుని సైన్యం కూడగట్టుకునే వ్యవధి ఉంటుంది. విషం పెరగదు. పడేటప్పుడే మొత్తం పడుతుంది, గంటల్లో రక్తాన్ని విరిచేస్తుంది. రక్తం లేచి చూసేసరికి ఇల్లు కాలిపోయి ఉంటుంది.

వాళ్లు విన్నారు. వినలేదని చెప్పను. కానీ నేను చెప్పినవేవీ వాళ్ల కళ్ల ముందు లేవు, మామ చెప్పినవన్నీ దొడ్డిలో నిలబడి నెమరేస్తున్నాయి. అందుకని నేనూ దొడ్డిలో ఉన్నదాన్నే పట్టుకోవాలనుకున్నాను. చచ్చిన గొర్రె కార్జం రాతి మీద ఉంది. తీసి, ఒకచోట వేలితో నొక్కాను. నాళాల్లోంచి చదునైన జలగలు, చిన్న ఆకుల్లాగా, బయటికి జారాయి. గొర్రె కార్జంలో కాపురముండే పురుగులవి, మా వైపు వాటికి జలగ రోగం అని పేరు.

"మామా, ఈ జలగలు ఈ గొర్రె లోపల నెలల తరబడి ఉన్నాయి. దీని రక్తానికి ఇవి తెలియవా? బాగా తెలుసు. ఈ రక్తం పరీక్ష చేస్తే వీటిని పట్టుకునే యాంటీబాడీలు బోలెడు కనబడతాయి. అవి ఉండీ జలగల్ని ఏం చేశాయి? నట్టల మందు నువ్వు ఒక్కసారి తాగించి ఊరుకుంటావా, ఏటేటా తాగిస్తావా? తెలిసినంత మాత్రాన రక్తం గెలవదు మామా. సాక్షి వేరు, కాపలావాడు వేరు."

ఇది నా జీవితంలో నేను చేసిన మంచి వాదనల్లో ఒకటి. గట్టు మీద నవ్వు ఆగింది. మామ కార్జాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, జలగ కదలడం చూశాడు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మామ తలెత్తి చుట్టూ ఉన్న మగవాళ్లను చూశాడు. వాళ్లంతా ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. ఆయన కార్జాన్ని కుక్కకు విసిరాడు.

"గొర్రెకు బుద్ధి ల్యాదు పాపా. దాని నెత్తురుకు యాడుంటాది?"

అందరూ గొల్లుమని నవ్వారు. నేను ఓడిపోయాను. పైగా జలగలున్న కార్జం కుక్కకు వేయకూడదని, కుక్కల ద్వారా ఇంకో పురుగు గొర్రెలకూ మనుషులకూ వస్తుందని చెప్పబోతే, ఈ కోర్టులో ఇంక కేసులు తీసుకోరమ్మా అని ఒకాయన లేచాడు. నేను ఇంట్లోకి పోయి అత్త దగ్గర కూర్చున్నాను. తిరిగి వస్తూ వామి వేసినవాళ్ల ఇళ్లకు పోయి, ముందు పొడవాటి పంగలకర్రతో విప్పండి, చెయ్యి పెట్టనివ్వకండి అని చెప్పాను. మామ ఉండగా కర్ర ఏటికమ్మా అన్నారు, మర్యాదగానే.

తర్వాతి ఏడు వేరుశెనగ వామి విప్పే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కాలేజీలో ఉండగా అత్త ఫోను చేసింది.

"పాపా, మీ మామ ఉమిస్తే ఎర్రగా పడతాండాది."

పొద్దున వామిలో చెయ్యి పెట్టాడట. వేలి మీద కాటు. చెయ్యి బయటికి తీసి, రెండు రక్తపు చుక్కలు అందరికీ చూపించి, పాత చుట్టమే అని నవ్వాడట. కట్టల్లోంచి జారిన పింజరిని కూలీలు కొట్టి చంపారు. ఆయనకు టీ పోశారు. పని సాగింది. చెయ్యి మోచేతి దాకా వాచినా ఆయన గొర్రెల్ని తోలుకుని పోబోయాడట. వేరేవాళ్లకు ఇలా అయ్యుంటే తానే బండి ఎక్కించి ఉండేవాడు. మామకు ఫోను ఇమ్మన్నాను.

"మామా, ఇప్పుడే ఆటో ఎక్కు. పెనుకొండకు పో. నేను ఎదురొస్తాను."

"ఏం కాదులే పాపా. సూది ఏసినాక గొర్రెకు ఒళ్లు ఎచ్చగ కాదా, ఒక పూట మేత మానదా? అట్లాంటిదే ఇదీ. రేపటికి సర్దుకుంటాది."

విషం ఎక్కుతున్న గుర్తులను ఆయన విరుగుడు లేస్తున్న గుర్తులుగా చదువుకుంటున్నాడు. ప్రతి నొప్పీ ఆయన సిద్ధాంతానికి ఒక రుజువు. ఇలాంటి మనిషితో ఏ వేదిక మీద వాదిస్తారు? నేను అరిచాను, తిట్టాను, మా అమ్మ పేరు చెప్పి ఏడ్చాను. ఏదీ పని చేయలేదు. చివరికి చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా కారి చొక్కా తడిసినప్పుడు, అత్త ఇద్దరు మనుషులను పిలిచి ఆయన్ను ఎత్తి ఆటోలో వేయించింది. అప్పటికి సాయంత్రమైంది.

పెనుకొండ ఆసుపత్రిలో మళ్లీ అదే గాజుగొట్టం. నేను దాని పక్కనే నిలబడ్డాను. ఎక్కడో ఒక మూల, సిగ్గు లేకుండా, మామే నెగ్గాలని కోరుకున్నాను. నా పుస్తకాలన్నీ తప్పై, ఆ రక్తం గడ్డకట్టి ఉండాలని కోరుకున్నాను. డ్యూటీ డాక్టరు గొట్టాన్ని ఒంచింది. పరిచయమున్న రక్తం, గుర్రంతో సమానమైన రక్తం, మొదటిసారి లాగే నీళ్లై ఒరిగింది.

మందు ఎక్కించడం మొదలుపెట్టారు. కొద్దిసేపటికే మామ వణికాడు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. మందు ఆపి, దానికి వేరే సూది వేసి, కుదుటపడ్డాక మళ్లీ నెమ్మదిగా ఎక్కించారు. ఈ మందు మొదటిసారి ఎక్కించుకున్నవాళ్లకూ ఇలా అవుతుంది, మాకిది అలవాటేనని డాక్టరు చెప్పింది. నేను ఇంకొకటి అడిగాను. మొదటిసారి ఎక్కించిన గుర్రపు పదార్థాన్ని ఈయన రక్తం గుర్తుపెట్టుకుని, ఇప్పుడు దాని మీద తిరగబడి ఉండొచ్చా? ఉండొచ్చు, కాదనలేను, అవునని కూడా చెప్పలేను అంది. రుజువు లేనిదాన్ని నేనూ గట్టిగా చెప్పను. కానీ ఆ ఆలోచన అప్పటి నుంచి నన్ను వదల్లేదు. మామ రక్తం నిజంగానే ఏదో నేర్చుకుని ఉంటే, అది పాముకు ఎదురు నిలవడం కాకుండా మందుకు ఎదురు తిరగడం కావచ్చు.

మందు పడ్డా ఆలస్యమైపోయింది. మూత్రం ఆగిపోయింది. హిందూపురం తీసుకుపోయి డయాలసిస్ మొదలుపెట్టారు. నేను రోజూ కాలేజీ అయ్యాక పోయి కూర్చునేదాన్ని. మొదట్లో మామ గొర్రెల గురించి అడిగేవాడు, మిషను ఎవరి చేనికి పోయిందని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు.

"నా నెత్తురు మర్చిపోయినాదా పాపా?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. మర్చిపోయి ఉండకపోవచ్చు, గుర్తుండటం చాలదు మామా, కార్జంలో జలగల్ని చూపించి నేను చెప్పింది అదే కదా అని అనొచ్చు. వేదికల మీద నేను ఎవరినీ వదిలిపెట్టను. ఆ మంచం దగ్గర మాత్రం, అవును మామా, మర్చిపోయింది అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. తప్పు తన ఆలోచనది కాదు, రక్తానిది అన్న ఊరట ఆ ముఖంలో కనబడింది. నేను ఇచ్చిన అబద్ధపు ఊరట అది. ఆ వారంలోనే పోయాడు.

దినాల రోజు ఊరంతా వచ్చింది. ఇప్పుడైనా వింటారని నేను అనుకున్నాను. ఒక మనిషి చావు కంటే పెద్ద రుజువు ఏముంటుంది? భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, పాము కాటు టీకా కాదని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. అందరూ తలలూపారు. అప్పుడు మామ ఈడు పెద్దాయన ఒకడు, మామతో కలిసి మందలు కాసినవాడు, ఎంతో ఓదార్పుగా చెప్పాడు.

"నువ్వు చెప్పిందీ నిజమేమ్మా. చిటుకు సూది మేము ఏటేటా ఏపిస్తాం గదా. ఒక ఏడు తప్పితే పని చెయ్యదు. మీ మామకు మొదటి కాటు పడి శానా ఏండ్లాయ. దిగిపోయింటాది. ఆ ముక్క మాకు తోచలా. తోచింటే ఆయన్ని పిల్సుకోకపోదుము."

అందరూ అవునన్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మామ చావు వాళ్ల సిద్ధాంతాన్ని కూల్చలేదు, దానికి ఒక మరమ్మతు చేసింది. కాలం దగ్గరిదై ఉండాలి, కాటు తాజాదై ఉండాలి. అంతే తేడా. నేను బోధించిన తర్కంతోనే వాళ్లు తప్పును సరిదిద్దుకున్నారు, సరిదిద్దుకుని ఇంకా లోతైన గుంతలోకి దిగారు.

తాజా కాటు ఎవరిదో కూడా అప్పటికే తెలుసు. ఆ ఊరికి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయి ఉంది, కూలికి పోయే మనిషి. ముందటి ఏడు కలుపులో ఆమెకు కరిస్తే మామే బండి ఎక్కించి ధర్మవరం పంపాడు. మందు పడింది, బతికింది. ఈ ఏడు వేరుశెనగ పీకడం మొదలయ్యాక అత్తను చూడ్డానికి పోతే, రోడ్డు పక్క చేనిలో వామి విప్పుతున్నారు. మిషను పొగ కక్కుతూ సిద్ధంగా ఉంది. కూలీలంతా దూరంగా గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి ఒక్కతే వామి దగ్గర ఉంది. కొంగు నడుముకు దోపుకుని, చుట్టూ ఒకసారి తిరిగింది. మామ తిరిగినట్టే తిరిగింది. తర్వాత చెయ్యి లోపలికి పెట్టింది.

పాము లేదు. ఒక కట్ట బయటికి వచ్చింది, జనం కదిలారు. నేను చేనిలోకి దిగి ఆమెను పక్కకు పిలిచాను. నువ్వు దీన్ని నమ్ముతున్నావా అని అడిగాను. ఆమె చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ నవ్వింది.

"నమ్మేదేముందక్కా. నాకూ భయమే. చెయ్యి పెట్టేటప్పుడు కండ్లు మూసుకుంటా. పెట్టనంటే కూలి గుంపులోకి పిల్చరు. పోయినాయన నన్ను ఆస్పత్రికి పంపించినాడు గాని, వామిలో నువ్వు యాల చెయ్యి పెడతావని ఆయన్ని నేనడగలా."

మిషను మొదలైంది, ఆమెను పిలిచారు, పోయింది. కర్ర వాడమని చేను యజమానితో చెప్పాను, సరేనన్నాడు. వాడడని నాకు తెలుసు. వచ్చే ఏడు వస్తాను, మళ్లీ చెబుతాను, మళ్లీ సరేనంటాడు. నా వాదనల మీద నాకు పెద్దగా ఆశ మిగల్లేదు. చావు ఒప్పించలేనివాళ్లను నా నోరు ఒప్పిస్తుందా?

కాబట్టి వాదన పక్కన పెట్టి మీతో మాట్లాడుతున్నాను. ఇది చదువుతున్న మీకు చేను ఉండొచ్చు, చేను ఉన్న చుట్టాలు ఉండొచ్చు, మిషను ఉండొచ్చు. వామి విప్పే పొద్దు మీరు గట్టు మీద నిలబడకండి, దిగండి. ముందు నిలబెట్టిన మనిషి ఎవరైనా సరే, ఆ మనిషి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి. పంగలకర్ర మీరు పట్టండి, పైకట్ట మీరు విప్పండి. మిషనువాడు అరిస్తే అరవనివ్వండి. కరిస్తే మొదటి కాటా, రెండోదా, పదోదా అని అడక్కుండా, ఆకు నమిలించకుండా, వెంటనే బండి తీయండి. మామ నెత్తురు ఏం నేర్చుకుందో నాకు తెలియదు. ఇది చదివి మీరు ఏం నేర్చుకున్నారో చేనిలో చూపించండి. ఆ అమ్మాయి ఈ ఏడు ఇంకా చాలా వాములు విప్పాలి. పోండి, ఆపండి.